మూగరాణి పిడికిలి

సోమవారం పొద్దున ఆవులప్ప పుస్తకాల కట్టను గడప మీద దించేసరికి అంబిక నల్లబల్ల మీద భిన్నాలు రాస్తోంది. ఆ చప్పుడుకి అయిదో తరగతి బి సెక్షను మొత్తం తల తిప్పింది.

"బొమ్మల పుస్తకాలు మేడమ్. ఇప్పుడే పంచమన్నారు పెద్ద మేడమ్," అన్నాడు ఆవులప్ప. ఆ బళ్లో గంట కొట్టేదీ, గేటు తీసేదీ, పిల్లలు వాంతి చేసుకుంటే మట్టి పోసేదీ ఆయనే.

"పాఠమయినాక పంచితే ఏమప్పా?"

"నన్నడిగితే నేనేం చెప్పేది మేడమ్? ఇప్పుడే అన్నారు."

అప్పటికే సగంమంది పిల్లలు బెంచీల మీంచి లేచారు. అంబిక గొంతెత్తలేదు. ఎత్తినా లేవదు. గొంతులో కాయలు ఉన్నాయని, గట్టిగా మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టరు చెప్పి చాలా ఏళ్లయింది. ఆమె కుడిచెయ్యి పైకెత్తి, వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ పిడికిలి బిగించింది. చిటికెన వేలికి కిటికీ వరస అణిగింది. ఉంగరపు వేలికి మధ్య వరస. బొటనవేలు మీద పడేసరికి గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప మరేమీ లేదు.

అది వాళ్ల ఆట. మూడో తరగతిలో ఆమె చేతికి వచ్చిన దగ్గర్నుంచీ ఆడుతున్నారు. మాటలన్నీ మేడమ్ పిడికిట్లోకి వచ్చి చేరినట్టు. గంట కొట్టాక ఆమె చెయ్యి వాళ్ల వైపు చాచి, పిడికిలి విప్పి, "తీసుకోండి మీవి," అంటుంది. అప్పుడు వాళ్లు అరిచే అరుపుకి పక్క గది టీచరు లేచి తలుపు వేసుకుంటుంది.

నిజానికి ఆ పుస్తకం కోసం పిల్లలకంటే అంబికే ఎక్కువ ఎదురుచూసింది. ఈ ఏడు బడి తెరిచిన కొత్తలో దామోదర్ అని ఒక చిత్రకారుడు వచ్చి ఆమె తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని ఫొటోలు తీసుకున్నాడు, పెన్సిలుతో గీసుకున్నాడు. "మీ చేతులు మస్తుంటయ్ మేడమ్. బుక్కుల పెడ్త," అన్నాడు. ఆ మాట ఆమె స్టాఫ్ రూములో చెప్పింది. బస్సులో పక్కన కూర్చున్నామెకు చెప్పింది. ఇంట్లో రెండుసార్లు చెప్పింది. కథ కూడా కొంత తెలుసు. ఆకాశంలో ఎగిరే కెప్టెన్ ఉల్క తన శక్తులన్నీ దాచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, బెంగుళూరు మారతహళ్ళిలో ఒక బళ్లో టీచరుగా చేరతాడు. కొత్తగా వచ్చిన టీచరుకి పాత టీచరు ఎవరో ఒకరు పని నేర్పాలి కదా. అది తనే అయి ఉంటుందని అంబిక అనుకుంది.

ఆవులప్ప బెంచీల మధ్య నడుస్తూ తలా ఒకటి ఇచ్చాడు. పేజీలు తిరిగే చప్పుడు కాసేపు. తర్వాత వెనక నుంచి ఒక నవ్వు. నోరు మూసుకుని నవ్విన నవ్వు అది. అది ఒక బెంచీ ముందుకొచ్చింది, ఇంకో బెంచీ ముందుకొచ్చింది. పిల్లలు పుస్తకంలోకి చూసి ఆమెను చూస్తున్నారు, ఆమెను చూసి మళ్లీ పుస్తకంలోకి చూస్తున్నారు. తన బొమ్మ దొరికిందన్నమాట. అంబిక కొంగు సర్దుకుంది. మొదటి బెంచీలో కూర్చున్న ఫర్హానా దగ్గరికి వెళ్లింది.

"నాకూ చూపీవే."

ఫర్హానా పుస్తకం మూసి, దాని మీద కూర్చుంది.

"వద్దు మేడమ్."

"అదేమే?"

"బాగలేదు మేడమ్. మీకు నచ్చదు."

"మేడమ్, నాది తీసుకోండి మేడమ్!" అని వెనక నుంచి అభిజిత్ పుస్తకం తెరిచి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తెరిచిన పేజీ ఏదో ముందే ఎంచుకుని వచ్చాడు.

బళ్లో ఒక తరగతి గది. బెంచీల నిండా పిల్లలు. పిల్లలకు కళ్లున్నాయి, ముక్కులున్నాయి, నోళ్లు లేవు. నోరుండవలసిన చోట నున్నటి చర్మం. వాళ్ల ఎదురుగా తాడు కట్టిన కళ్లద్దాలతో, ముడి వేసిన జడతో, నడుముకు దోపిన కొంగుతో ఒక ఆడమనిషి. గడ్డం కింద పుట్టుమచ్చ. ఎత్తిన కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందుల్లోంచి పచ్చటి పొగలా పిల్లల గొంతులు గిలగిల కొట్టుకుంటున్నాయి. పక్కన పెద్ద అక్షరాలు: మూగరాణి! ఆమె చేతికి చిక్కిన మాట తిరిగి రాదు!

అంబిక పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. చివర్లో కెప్టెన్ ఉల్క ఆమె పిడికిలి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ వెనక్కి విరుస్తున్నాడు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

"బాగుండాదా మేడమ్?" అన్నాడు అభిజిత్, ఆమె యాసలోనే.

తరగతి గొల్లుమంది. అంబిక కూడా నవ్వింది. ఏం చెయ్యాలో తెలియక నవ్వింది.

*

"చూశారా అంబికా మేడమ్? ప్రింటింగ్ ఎంత సూపర్‌గా వచ్చిందో!" అంది వరూధిని. ప్రిన్సిపాల్‌గా వచ్చి రెండేళ్లయింది. అంబిక కంటే చాలా చిన్నది. కుర్చీ చూపించింది గానీ ఫోనులోంచి తలెత్తలేదు.

"చూసినాను మేడమ్. అందులో నేనుండాను."

"అబ్బే, మీరు కాదండీ. అది జస్ట్ క్యారెక్టర్."

"పుట్టుమచ్చ గూడా ఉండాది మేడమ్."

వరూధిని అప్పుడు తలెత్తి, ఆమె గడ్డం కింద చూసి, ఫక్కున నవ్వింది. "అయ్యో! అవును కదా! అది మేం చూస్కోలేదు. ఆర్టిస్టుకి ఎవరో ఒకరి ఫేస్ కావాలి కదండీ. రేపు కూడా ఇక్కడే ఉండేవాళ్లని విలన్‌గా పెడితే ఫీలవుతారని..." అంటూ ఆగింది.

"అంటే, నేనుండనా మేడమ్?"

వరూధిని ఫోను బోర్లించింది. గొంతు మెత్తబడింది. మెత్తబడిన గొంతంటే అంబికకు భయం. "చూడండి, పేరెంట్స్ యంగ్ టీచర్స్‌ని అడుగుతున్నారు. ఈ బుక్ మొత్తం దాని కోసమే. హీరో టీచర్ ప్రోగ్రామ్. దసరా సెలవుల తర్వాత ఫైవ్ బి కొత్త సార్‌కి ఇద్దామని మేనేజ్‌మెంట్ ఆలోచన. మీరు లైబ్రరీ చూసుకుందురు. పీస్‌ఫుల్‌గా ఉంటుంది."

"వాళ్లని మూడో క్లాసు నుంచి చూస్తా ఉండాను మేడమ్. మార్చిలో ఎట్లాగూ పోతారు. అంతవరకూ ఉండనీండి. సగంలో చేతులు మార్చొద్దు."

ఆమె గొంతు గీరుకుపోయింది. దగ్గింది. అయిదో తరగతి అయిపోయే మార్చిలో ఆఖరి రోజున ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, తలమీద చెయ్యి వేసి గడప దాటిస్తుంది. ఎవరు ముందు వెళ్లాలో, ఎవరు వెనకో కూడా ఆమె అనుకునే ఉంటుంది. అది లేకుండా పిల్లలు ఎటు పోయినా ఆమెకు వాళ్లు ఇంకా ఎక్కడో దారిలోనే ఉన్నట్టుంటుంది.

వరూధిని ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఒక పని చెయ్యండి. ఫ్రైడే బుక్ లాంచ్. స్టేజ్ మీద స్కిట్ ఉంది. కెప్టెన్‌గా ఎవరో ఆర్టిస్ట్ వస్తున్నాడు. మూగరాణిగా మీరే చెయ్యండి! పేరెంట్స్ అందరూ వస్తారు. అంబికా మేడమ్ ఎంత స్పోర్టివో వాళ్లే చూస్తారు. క్లిక్ అయిందంటే మార్చి దాకా ఫైవ్ బి మీదే. నేను మాట్లాడతాను."

"నేనా? స్టేజీ మీదనా?"

"మేకప్ కూడా అక్కర్లేదు," అని వరూధిని మళ్లీ నవ్వింది.

*

నరసింహప్ప బళేపేటలో గాజుల అంగట్లో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, పెళ్లాం చేతిలోని పుస్తకం తీసుకుని, వెలుతురు పడేట్టు గుమ్మం దగ్గరికి వెళ్లి చూశాడు.

"ముక్కు మాత్రం సరిగ్గా ఎక్కించినాడే," అన్నాడు. "సీరియల్లో అత్త మాదిరి ఉండావు."

"నవ్వండి మీరు గూడా."

"బేజారు చేసుకోవద్దు. మా అంగడికొచ్చే ఆడోళ్లు రోజూ నన్ను ఏం పిలుస్తారో తెలిస్తే నువ్వు నాలుగు దినాలు అన్నం తినవు. గాజు తొడిగేటప్పుడు నొప్పెడితే నేనే రాక్షసుణ్ని. తొడిగినాక చెయ్యి తిప్పుకుంటా నవ్వుకుంటా పోతారు." పుస్తకం మూసి ఇచ్చాడు. "చెయ్యి స్టేజీ మీద. పోయేదేముండాది? పిల్లోళ్లు నీకాడనే ఉంటారు కద."

అంబిక ఆయనకు ముద్ద కలిపిపెట్టి, వసారాలోకి వెళ్లి, దామోదర్‌కు ఫోను చేసింది.

"మేడమ్! బుక్కు చూసిర్రా? ఎట్లుంది?" అన్నాడతను ఉత్సాహంగా.

"నన్ను రాక్షసిని చేసినావు కద నాయనా."

"అయ్యో, గట్లనుకోకుండ్రి. కథ బడోళ్లే ఇచ్చిర్రు. విలన్ కావాలన్నరు. నేనేమో ఇంటికి పోయి ఫొటోలు ముందలేసుకుని చూసిన. పిల్లలందరి నోళ్లు మూసుకునున్నయ్. మీ చెయ్యి పైకున్నది. బొమ్మ దానంతటదే వచ్చింది మేడమ్, నేను చేసిందేం లేదు."

"ఆ పిల్లోళ్లు నవ్వుతా ఉండిరి అప్పుడు. నువ్వు గూడా నవ్వితివి. చెయ్యి విప్పితే ఎంత గలాటె చేసిరి, నువ్వు చెవులు మూసుకుంటివి!"

"సప్పుడు బొమ్మల రాదు మేడమ్," అన్నాడు దామోదర్, చిన్నపిల్లకు చెప్పినట్టు. "నేనేం గీసినా మూసిన పిడికిలి మూసిన పిడికిలే. కానీ ఒక్క మాట చెప్త. హీరోని కండ్లు మూసుకుని గీస్త. మీ మొఖానికే నాకు వారం పట్టింది. మా ఆఫీసుల అందరు గా పేజీయే బెస్టన్నరు. నా ప్రాణం మొత్తం అండ్లనే పెట్టిన."

అంబిక ఆ ఫోను తిట్టాలనే చేసింది.

"తిన్నావా?" అని అడిగింది.

"తిన్న మేడమ్."

*

మంగళవారం పిల్లలు కొంచెం నవ్వారు. బుధవారానికి అది ఆటగా తయారయింది.

మొదటి పీరియడ్‌లో అంబిక అలవాటు చొప్పున చెయ్యెత్తింది. చిటికెన వేలు మడిచిందో లేదో, అభిజిత్ గొంతు పట్టుకుని బెంచీ మీద ఒరిగిపోయాడు. పక్కవాడూ ఒరిగాడు. కిటికీ వరస మొత్తం గొంతులు పట్టుకుని కళ్లు తేలేసింది. ఎవరో, "కెప్టెన్, కాపాడు!" అని సన్నగా అన్నారు.

"చాలు. లేయండి. మూడో లెక్క ఎవరు చెప్తారు?"

ఎవరూ పలకలేదు.

"అభిజిత్. నువ్వు చెప్పు."

అభిజిత్ లేచి నిలబడి నోరు తెరిచాడు. గొంతు చూపించాడు. ఆమె పిడికిలి చూపించాడు. రాదన్నట్టు చెయ్యి తిప్పాడు. మూడో తరగతిలో అడుగుపెట్టినప్పుడు వాడికి నత్తి. పేరడిగితే మొదటి అక్షరం దగ్గరే మొహం ఎర్రబడేది. ఏడాది పొడుగునా జవాబులన్నీ వేళ్లతోనే చెప్పనిచ్చి, ఎవర్నీ నవ్వనివ్వక, అంబిక వాణ్ని మాటల్లోకి తెచ్చుకుంది. ఇప్పుడు వాడు మాట రానివాడిగా ఎంత బాగా నటిస్తున్నాడంటే, వాడికి అది పాత అలవాటు కనుక, తరగతి పడీపడీ నవ్వుతోంది.

ఆమె ఇంకొకరిని పిలిచింది. ఆ పిల్లా గొంతు చూపించింది. ఇంకొకరు. ఇంకొకరు. ఎవరూ కసిగా లేరు. అందరికీ సంతోషంగా ఉంది. అదే ఆమెకు భరించరానిదయింది.

"నోరు తెరవండి!" అని అరిచింది అంబిక.

అరుపు సగంలోనే విరిగి, కీచుమని పైకి పోయింది. గదిలో ఒక్క క్షణం ఆశ్చర్యం. తర్వాత అందరూ ఆ కీచు శబ్దాన్ని నోళ్లతో చెయ్యడం మొదలుపెట్టారు.

"ఏడు బై పన్నెండు, మేడమ్," అంది ఫర్హానా, ఆ గోలలోంచి లేచి నిలబడి. "మూడో లెక్క. ఏడు బై పన్నెండు."

"ఏయ్, మూగరాణి చెంచా!" అన్నాడు అభిజిత్, వచ్చిన గొంతుతో. చుట్టిన కాగితం ఒకటి వచ్చి ఫర్హానా చెవికి తగిలింది. ఇంకోటి జడకు తగిలింది. "చెంచా! చెంచా!"

ఫర్హానా కూర్చోలేదు. ఆ పిల్లకు అన్నిటికంటే ముఖ్యం తన జవాబు సరో కాదో తెలుసుకోవడం అన్నట్టు మేడమ్ మొహంలోకే చూస్తోంది.

"కూర్చో," అంది అంబిక. సరే అని కూడా అనలేదు.

ఇంటర్వెల్లో స్టాఫ్ రూములో సైన్సు టీచరు జెస్సీ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఆమె ముందు పెట్టింది. "అక్కా, ఇద్దరికి తగిలించు. ఒక్కరోజులో సెట్ అవుతారు."

"నేను ఎప్పుడూ కొట్టలేదు జెస్సీ."

"అందుకే మరి," అంది జెస్సీ. "నన్ను విలన్‌గా గీసే ధైర్యం ఎవడికుంది చెప్పు?"

*

గురువారం రిహార్సల్. కెప్టెన్ ఉల్క వేషానికి అత్తిబెలె నుంచి వెంకటేశ్ అనే అతను వచ్చాడు. మాల్స్‌లో ఎలుగుబంటిగా, ఏనుగుగా నిలబడి పిల్లలకు చేతులిచ్చే పని. మనిషి సన్నం. స్పాంజి కండల చొక్కా తొడిగాక భుజాలు రెండింతలయ్యాయి.

"సింపులమ్మా," అన్నాడు. "నేను మీ చెయ్యి పట్టుకుని లాగతాను. పిల్లలు తెరువు, తెరువు అని అరుస్తారు. ఒకటోసారి మీరు విడవరు. రెండోసారి విడవరు. మూడోసారి విడిచేస్తారు. అంతే. నేను చెయ్యెత్తుతాను, మ్యూజిక్, అయిపాయె. గట్టిగా పట్టుకోనులే, భయపడొద్దు."

వరూధిని నల్ల శాటిన్ చీర, అట్టతో చేసిన కిరీటం తెప్పించింది. అంబిక చీర కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే ఒకతను వచ్చి ఆమె జాకెట్టు అంచుకు చిన్న మైకు తగిలించాడు. "మాట్లాడి చూడండి మేడమ్."

"ఏం మాట్లాడేది?"

ఆ మాట హాలు నాలుగు మూలల నుంచీ తిరిగి వచ్చింది. అంబిక ఉలిక్కిపడింది. ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన ఆమె తన గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. లోపలి గీర, బొంగురు, ఊపిరి పీల్చుకునే చప్పుడు, అన్నీ పెద్దవై, వేరే ఎవరిదో గొంతులా ఉంది.

"సూపర్!" అంది వరూధిని కింద నుంచి. "ఎఫెక్ట్ పెట్టాల్సిన పనే లేదు!"

*

శుక్రవారం మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. ఆఫీసుల నుంచి అలాగే వచ్చిన తల్లిదండ్రులు మెడల్లో కార్డులతో గోడల పక్కన నిలబడ్డారు. ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. ముందు వరసల్లో 5-బి. వాళ్ల తరగతి కథ కాబట్టి వాళ్లకు ముందు కుర్చీలు.

అంబిక తెర పక్కన నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. తడబడకూడదు. మూడోసారి విడవాలి. మార్చి దాకా. మూడోసారి విడవాలి. మార్చి దాకా. పెదాలు కదుపుతూ అదే అనుకుంది.

ఆమె స్టేజీ మీదికి రాగానే హాలంతా "బూ..." అంది. నేర్పించిన కేక అది. పిల్లలకు భలే ఇష్టమైంది, ఆపమన్నా ఆపలేదు. పెద్దవాళ్లు కూడా కలిశారు. ఎవరో తండ్రి ఈల వేశాడు. వెంకటేశ్ ఎర్ర దుప్పటి ఎగరేస్తూ వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని టీచరుగా నిలబడ్డాడు, నల్లబల్ల మీద బొమ్మ గీశాడు, కళ్లద్దాలు విసిరేసి కెప్టెన్ అయ్యాడు. చప్పట్లు. ఆమె చెయ్యెత్తి, వేళ్లు ఒక్కొక్కటీ మడిచి, పిడికిలి బిగించింది.

"తెరువు! తెరువు! తెరువు!"

వెంకటేశ్ ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. విడవలేదు. రెండోసారి లాగాడు. 5-బి కుర్చీల మీదికెక్కింది. అభిజిత్ అందరికంటే ముందు నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరుస్తున్నాడు. "విరిచెయ్ కెప్టెన్! వేళ్లు విరిచెయ్!" వాడి మొహం ఎంత కళకళలాడుతోందో. మూడేళ్లలో ఆమె తెచ్చిపెట్టిన మాటలన్నీ వాడి నోట్లో గడగడ దొర్లుతున్నాయి.

మూడోసారి వెంకటేశ్ లాగాడు.

అంబిక విడవలేదు.

"అమ్మా, విడవండి," అన్నాడు వెంకటేశ్ పళ్ల బిగువున. మళ్లీ లాగాడు. స్పాంజి కండల కింద ఆ సన్నటి చేతిలో పెద్ద బలం లేదు. "అమ్మా, అయిపాయె, విడవండి."

"అభిజిత్," అంది అంబిక.

ఎప్పుడూ పిలిచినట్టే, మెల్లగానే పిలిచింది. హాలు నాలుగు మూలల నుంచీ ఆ పేరు వచ్చి పిల్లవాడి మీద పడింది. కేకలు తెగిపోయాయి.

"నీ మాట నాకాడనే ఉండాది. నేనే ఇచ్చినాను. ఏదీ, ఇప్పుడు మాట్లాడు."

అభిజిత్ నవ్వబోయాడు. అటూ ఇటూ చూశాడు. ఫోన్లన్నీ వాడి వైపు తిరిగాయి.

"మే..." అన్నాడు. "మే... మే... మ్మ్..."

మొహం ఎర్రబడింది. మెడ నరం లేచింది. మొదటి అక్షరం దగ్గరే నోరు బిగుసుకుపోయి, గడ్డం వణకసాగింది. "మే... మ్మ్... మ్మ్..."

పెద్దవాళ్లు నవ్వారు. ఏం నటించాడు పిల్లవాడు! ఒకామె చప్పట్లు కొట్టింది. 5-బి నవ్వలేదు. వాళ్లకు ఆ నత్తి తెలుసు. ఒక్కొక్కరే కుర్చీల మీంచి దిగి కూర్చున్నారు. వెనక ఒకటో తరగతి పిల్ల ఒకతి ఏడవడం మొదలుపెట్టింది.

అంబిక వాణ్ని చూస్తూ నిలబడింది. ఎంతసేపో ఆమెకే తెలియదు. వారం నుంచీ గుండెల్లో కొట్టుకుంటున్నదేదో ఆగిపోయి, చల్లగా, హాయిగా ఉంది. అప్పుడు తనే చెయ్యి చాచి పిడికిలి విప్పింది. వెంకటేశ్ గబుక్కున చెయ్యెత్తాడు. మ్యూజిక్ మోగింది. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తల్లిదండ్రుల చప్పట్లే అవన్నీ.

తెర వెనక వెంకటేశ్ చొక్కా విప్పుకుంటూ, మణికట్టు రుద్దుకుంటూ, ఆమె మొహంలోకి చూడకుండా అన్నాడు. "ఆ పిల్లోడికి నిజంగానే నత్తి కదమ్మా?"

"మూడో దానికి మరిచిపోయినాను," అంది అంబిక. "వయసు మీద పడింది."

*

సోమవారం ఆమె గదిలోకి వచ్చేసరికి అందరూ నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పలేదు. పుస్తకాలు తీయమనకముందే తీశారు. ఆమె నల్లబల్ల వైపు తిరిగితే వెనక ఒక్క గుసగుస లేదు. సుద్దముక్క కిందపడితే ముగ్గురు వంగారు తీసివ్వడానికి. చెయ్యి ఎత్తాల్సిన పని పడలేదు. కళ్లద్దాలు సర్దుకోవడానికి చెయ్యి కదిలించినా మొదటి బెంచీలు వెనక్కి జరిగి కూర్చున్నాయి.

అభిజిత్ వచ్చాడు. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు. హాజరు పిలిస్తే చెయ్యెత్తాడు.

గంట కొట్టింది. ఎవరూ అరవలేదు. ఇంటర్వెల్‌కి కూడా ఆమె తలూపేదాకా ఎవరూ లేవలేదు. వరసగా, గోడ వారగా బయటికి వెళ్లారు.

ఫర్హానా మాత్రం వెళ్లలేదు. టేబుల్ దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే దాని అంచు పట్టుకుని నిలబడింది.

"మేడమ్, అభిజిత్‌కి మాట రావట్లేదు. బస్సులో కూడా రాలేదు. వాళ్లమ్మ ఏడ్చిందంట."

"నాకెందుకు చెప్తా ఉండావు?"

"మీరు మళ్లీ నేర్పుతారని."

"వాడు నిన్ను చెంచా అన్లేదా? కాగితాలు కొట్టలేదా?"

"కొట్టాడు," అంది ఫర్హానా. "అది వేరే మేడమ్. మీరు మేడమ్ కదా."

ఆ పిల్ల కళ్లలో బెదురు లేదు. బుధవారం లెక్క చెప్పి నిలబడి చూసినట్టే ఇప్పుడూ చూస్తోంది. సరైన జవాబు ఆమె దగ్గర ఉంటుందని, అడిగితే ఇస్తుందని. తరగతిలో ఇంకెవరూ ఆమెను ఇవాళ అలా చూడలేదు. అంబిక డస్టరు తీసి టేబుల్ మీద లేని సుద్దపొడి తుడిచింది.

"పో. బయటికి పో."

"మేడమ్, ఒక్కసారి వాడిని పిలిచి..."

"పొమ్మంటి కద!"

ఈసారి గొంతు విరగలేదు. ఫర్హానా టేబుల్ అంచు వదిలింది. అప్పుడు కూడా పరిగెత్తలేదు. నడిచే వెళ్లింది.

మధ్యాహ్నం వరూధిని ఆమెను పిలిపించలేదు. తనే 5-బి గుమ్మం దాకా వచ్చి, వరండాలోకి రమ్మని సైగ చేసింది. మొహం వెలిగిపోతోంది. "మేడమ్, మీరు వైరల్! శనివారం నుంచి ఫోన్లే ఫోన్లు. ఒక్క పిలుపుకి హాలంతా గప్‌చిప్, ఇంత డిసిప్లిన్ ఎక్కడుందండీ, మా బాబుని ఆ మేడమ్ దగ్గరే వెయ్యండి అని. ఇప్పుడే ఒకరు జాయిన్ అయ్యారు. ఫైవ్ బి మీదే. మార్చి దాకా కాదు, పై ఏడు కూడా. కొత్త సార్‌కి ఫైవ్ ఏ ఇస్తున్నాం. హ్యాపీనా?"

"సంతోషం మేడమ్."

"ఒక్క చిన్న ప్రాబ్లం. బి సెక్షన్ ఫుల్. ఈ బాబుని వేస్తే ఒకరిని ఫైవ్ ఏ కి పంపాలి. ఎవరైనా పర్లేదు. మీ పిల్లలు కదా, మీరే చెప్పండి."

పోయిన సోమవారం ఎవరైనా ఇదే మాట అడిగుంటే అంబిక చేతులు జోడించి ఉండేది. ఒక్కరిని తీస్తే మిగతావాళ్లు ఎట్లా ఉంటారు మేడమ్ అని ఉండేది. ఇప్పుడు ఆమె గుమ్మంలోంచి గదిలోకి చూసింది. తలలు వంచుకున్న వరసలు. వెనక అభిజిత్ నల్లటి తల. ముందు బెంచీలో ఒక్క మొహం మాత్రం ఎత్తి ఉంది, గుమ్మం వైపు.

"ఫర్హానా," అంది అంబిక.

"ఫర్హానానా? ఆ పిల్ల మీ ఫేవరెట్ కదండీ!"

"నెమ్మదైన పిల్ల. ఎక్కడైనా అలవాటు పడుతుంది."

"ఓకే! రేపటి నుంచి పంపిద్దామా?"

"రేపు ఎందుకు మేడమ్? ఇప్పుడే పోనీండి."

ఆవులప్ప వచ్చి పేరు పిలిచాడు. ఫర్హానా లేచింది. పుస్తకాలు సంచిలో పెట్టుకుంది. పెన్సిలు పెట్టె పెట్టుకుంది. నీళ్ల సీసా మూత సరిగ్గా పడలేదు, విప్పి మళ్లీ బిగించింది. టేబుల్ ముందు నుంచి వెళ్తూ ఆగింది. మేడమ్ ఏదైనా అంటుందేమోనని, తలమీద చెయ్యి వేస్తుందేమోనని.

అంబిక నల్లబల్ల మీద తరువాతి లెక్క రాస్తోంది.

ఆవులప్ప చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వెళ్లి వినపడకుండా పోయింది. అప్పుడామె ఇటు తిరిగి, ముందు బెంచీలో పడిన ఖాళీ చూసి, దగ్గరికి జరగమని వేలితో సైగ చేసింది. మిగిలిన ఇద్దరూ వెంటనే జరిగారు. కొత్త పిల్లవాడు తల్లి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. గదిని చూశాడు, ఆమెను చూశాడు. తల్లి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"పో నాన్నా," అంది తల్లి, వేళ్లు ఒక్కొక్కటీ విడిపించుకుంటూ. "ఏమీ చెయ్యరు. మంచి మేడమ్."